రత్నాకర్ తెప్పించిన నీళ్లు

మా కాలనీలో రత్నాకర్‌ను ఎరగనివాళ్లు లేరు. ఎరగకుండా ఉండే వీలు ఆయన ఎవరికీ ఇవ్వడు. బొంగులూరు గేటు నుంచి ఇబ్రహీంపట్నం వెళ్లే దారిలో మా వెంచర్ కమాను వస్తుంది. దాని మీద ఆయన ఫ్లెక్సీ ఏడాది పొడుగునా ఉంటుంది. పండుగను బట్టి చొక్కా రంగు మారుతుంది, నమస్కారం మారదు.

ఒకప్పుడు ఈ వెంచర్ నేలంతా ఆయన తండ్రిది, చిన్నాయనలది. మక్కజొన్నలు, ఆముదాలు పండేవి. తాను ఎవుసం చేసి చేసి చేతులు కాయలు కాశాయని రత్నాకర్ చెప్పుకుంటాడు. ఆయన తల్లి నీలమ్మను అడిగితే వేరే మాట చెబుతుంది.

"ఎవుసం నేను చేసిన బిడ్డా. వాడు బోర్లేసిండు."

బోర్లు వేయడం ఆయన దృష్టిలో ఒక విద్య. అరచేతిలో కొబ్బరికాయను అడ్డంగా పెట్టుకుని, కళ్లు సగం మూసి చేనంతా నడుస్తాడు. కాయ ఎక్కడ నిలువుగా లేస్తే అక్కడ నీళ్లున్నట్టు. ఆ చేలో కాయ చాలా చోట్ల లేచింది. నీళ్లు ఒక్క చోట పడ్డాయి. ఆ ఒక్క బోరు గురించే చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎండిపోయినవాటి మాట ఎవరూ ఎత్తరు, వాటి మీద ఇప్పుడు ఇళ్లున్నాయి. మా వంటగది కింద కూడా ఒకటి ఉందట. ఎప్పుడైనా ఎవరైనా గుర్తుచేస్తే రత్నాకర్ దగ్గర జవాబు తయారుగా ఉంటుంది. "కాయ తప్పు జెప్పలే. బోరుబండోడు జర పక్కకు జరిపిండు."

నీళ్లు దొరకని నేలను ఆయన అమ్మాడు. కొన్న కంపెనీ ప్లాట్లు చేసి, ఆయనకు నాలుగు ప్లాట్లు ఇచ్చి, ముందు వరసలో ఇల్లు కట్టుకోనిచ్చింది. మేమంతా వచ్చి చేరాక కాలనీ సంఘానికి అధ్యక్షుడు కావాలన్నారు. ఆ మాట పూర్తికాకముందే ఆయన కుర్చీలో కూర్చున్నాడు.

మాది ఆయన ఎదురిల్లు. నేను మైక్రోబయాలజీ చదివాను. ఇప్పుడు మూడేళ్ల దీక్షిత్‌ను చూసుకుంటూ ఇంట్లోనే ఉంటున్నాను. పుట్టినప్పటి నుంచీ వాడికి పిల్లికూతల ఊపిరి. తేమ గాలి తగిలితే చాలు, ఛాతీలో కూతలు మొదలవుతాయి. అందుకే ఇంట్లో కూలర్ పెట్టలేదు, ఎంత ఎండైనా ఫ్యానుతోనే సరిపెట్టుకుంటాం. వాడు నిద్రపోతున్నప్పుడు కూడా నా చెవి వాడి ఊపిరి మీదే ఉంటుంది. నన్ను చూసి కాలనీ ఆడవాళ్లు నవ్వుకుంటారని తెలుసు.

కాలనీకి పడమట, గుట్ట అవతల ఒక మందుల ఫ్యాక్టరీ ఉంది. పొద్దున్నే దాని కూలింగ్ టవర్ల మీద నుంచి తెల్లటి ఆవిరి లేస్తుంది. పిల్లలకు అన్నం తినిపించేటప్పుడు తల్లులు దాన్ని మబ్బుల ఫ్యాక్టరీ అని చూపిస్తారు. ఆ మబ్బు గాలి మారినప్పుడు మా మీదికి వచ్చి, ఆరేసిన బట్టల మీదా కార్ల అద్దాల మీదా తెల్లటి చుక్కలు వదిలి వెళుతుంది. అద్దాల చుక్కల గురించి సంఘంలో రెండుసార్లు గట్టిగా చర్చ జరిగింది. అదే గాలి పిల్లల ముక్కుల్లోకి కూడా పోతుందన్న ఆలోచన ఆ చర్చలో ఎవరికీ రాలేదు. కార్లకు కవర్లు కొనుక్కోవాలని తీర్మానించారు.

టవర్ పని తేలికగానే అర్థమవుతుంది. యంత్రాలను చల్లబరిచి వేడెక్కిన నీళ్లు పై నుంచి జల్లుగా రాలుతాయి. గాలి తగిలి కొన్ని ఆవిరై పోతాయి, మిగతావి చల్లబడి మళ్లీ యంత్రాల దగ్గరికి పోతాయి. ఆవిరయ్యేది నీరే. తుంపర్లతో ఎగిరిపోయే కాస్త తప్ప అందులోని ఉప్పులూ మురికీ ఎక్కడికీ పోవు, నీళ్లు తిరిగినకొద్దీ చిక్కబడతాయి. ఈ ఫ్యాక్టరీ ఆ మధ్య తన మురుగునీటినే శుద్ధి చేసి టవర్లకు పోయడం మొదలుపెట్టింది. ఆ పని చెడ్డదని నేను అనను. చెరువులోకి వదిలేదాని కన్నా నయం, బోరు నీళ్లూ మిగులుతాయి. కానీ గోరువెచ్చటి నీళ్లు, అడుగున పాచి, మిగిలిపోయిన కాస్త మురికి ఒక్కచోట ఉంటే కొన్ని రకాల బ్యాక్టీరియాకు అంతకన్నా సుఖమైన ఇల్లు లేదు. మందు వేస్తూ, పరీక్షిస్తూ, కడుగుతూ రోజూ కాపలా కాయాలి. చిక్కబడిన నీళ్లను తీసేసి మళ్లీ శుద్ధి చేయాలి, లేదా మరగబెట్టి ఉప్పుగా మార్చాలి. దానికి ఖర్చవుతుంది. అంతకన్నా చవకైన దారి ఒకటి ఫ్యాక్టరీకి దొరికింది. ఆ దారి పేరు రత్నాకర్.

మార్చి నెలలోనే మా బోర్లు అడుగంటాయి. ఒక ఆదివారం కాలనీ పార్కులో షామియానా వేశారు. ఫ్యాక్టరీ మేనేజర్ వచ్చాడు. ఆయన ముందు బల్ల మీద రెండు సీసాలు. ఒకదాంట్లో ఫ్యాక్టరీ టవర్లలో తిరిగిన నీళ్లు, ఇంకోదాంట్లో ఆయన తాగడానికి తెచ్చుకున్న మినరల్ వాటర్. మొదటి సీసాను ఎత్తి ఎండకు చూపించాడు.

"అద్దంలా ఉన్నాయి చూడండి. మీ పార్కుకి, చెట్లకి రోజూ ట్యాంకర్ పంపిస్తాం, ఉచితంగా. పర్యావరణం మా బాధ్యత. మా ఫ్యాక్టరీ నుంచి చుక్క నీరు బయటికి పోదండి."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన దాహం వేసి రెండో సీసా మూత తీశాడు.

నేను లేచి అడిగాను. "చుక్క గూడ బయటికి పోదంటున్నరు గద సార్, మరి ట్యాంకర్ల వచ్చేదేంది?"

మేనేజర్ నా వైపు చూడలేదు, రత్నాకర్ వైపు చూశాడు. రత్నాకర్ లేచి మైకు అందుకున్నాడు.

"మా చెల్లె సైన్సు సదివింది సార్. ఆమెకు గుడిల తీర్థం పోసినా పురుగులే కనబడ్తయి."

షామియానా అంతా నవ్వింది. నా పక్కన కూర్చున్న మా ఆయన మహేశ్వర్ కూడా నవ్వి, నేను చూడగానే దగ్గాడు.

"నేను నీళ్ల మనిషిని," అన్నాడు రత్నాకర్. "భూమిల నీళ్లు యాడున్నయో చూసి చెప్పేటోన్ని. సీసల నీళ్లు చూసి చెప్పలేనా?"

మేనేజర్ శాలువా కప్పాడు. మర్నాటికి కమాను మీద ఫ్లెక్సీ మారింది. నీళ్ల దాత అని రాయించారు. దాత ఎవరో అర్థం కావడానికి ట్యాంకర్ బొమ్మ చిన్నగా, రత్నాకర్ బొమ్మ పెద్దగా వేశారు.

పార్కులో గడ్డి ముందు పచ్చబడింది, తర్వాత అంచులు కాలినట్టు ఎర్రబడింది. మల్లె తీగ ఆకులు రాల్చింది. పాదుల చుట్టూ మట్టి మీద తెల్లటి పొర తేలింది. అది ఉప్పని నేనంటే, ఎరువని రత్నాకర్ అన్నాడు. కాలనీ ఎరువునే నమ్మింది. ఉచితంగా వచ్చినదాన్ని అనుమానించడం మా కాలనీలో మర్యాద కాదు.

ఏప్రిల్‌లో ఎండలు ముదిరాక అసలు తెలివి బయటపడింది. బోరు నీళ్లు వంటకే చాలడం లేదు, కూలర్లు మాత్రం బిందెలకు బిందెలు తాగుతున్నాయి. రత్నాకర్ తన మేడ మీద నల్ల ట్యాంకు ఒకటి పెట్టించి, ట్యాంకర్ నీళ్లు అందులోకి ఎక్కించి, పైపు కూలర్లోకి ఇచ్చాడు. వారం తిరిగేసరికి వీధంతా అదే పని చేసింది. నేను ఆయన గేటు దగ్గర నిలబడి చెప్పాను.

"అన్నా, చెట్లకంటె ఏమో గని కూలర్ల పొయ్యకు. జర ఇను."

"ఏమైతది? తాగుతున్నమా? గాలికే గద."

"గాలితోని తుంపర్లు ఊపిరిలకు పోతయి అన్నా. కడుపులకు పోయినదాన్ని కడుపు అరిగిస్తది, ఊపిరితిత్తులకు గా పని రాదు. కూలర్ అంటేంది, చిన్న కూలింగ్ టవరే. ఫ్యాక్టరీల ఉన్నదే మంచం పక్కకు తెచ్చి పెట్టుకున్నట్టు."

"మరింకేంది. ఫ్యాక్టరీ అంత సల్లగుంటది," అన్నాడు. మెట్ల మీద కూర్చున్న ఇద్దరు నవ్వారు. "ముందుగాల నీ పోరనికి జర ఎండ తగలనియ్యి చెల్లె. గాజుబొమ్మ లెక్క పెంచుతున్నవ్."

ఆయన కూలర్లు ఒకటి కాదు, రెండు. పెద్దది తల్లి గదిలో. తల్లిని ఎంత బాగా చూసుకుంటాడో వచ్చినవాళ్లందరికీ ఆ గది తలుపు తీసి చూపించేవాడు. కూలర్ పక్కల గడ్డి పలచగా ఉంటేనే తుంపర్లు బాగా కొడతాయని సగం గడ్డి తానే పీకేశాడు. తుంపర్లు పడకపోతే అది కూలరే కాదని ఆయన సిద్ధాంతం. నీలమ్మ మంచానికి తలవైపే కూలర్. పొద్దున లేచేసరికి దిండు చెమ్మగా ఉండేది.

దీక్షిత్‌కు నీలమ్మంటే ప్రాణం. రోజూ మధ్యాహ్నం ఆమె గదికి పోయి, ఆమె పక్కన పడుకుని, కోతి కథో నక్క కథో చెప్పించుకునేవాడు. కూలర్లో ఆ నీళ్లు పోసిన రోజు నుంచి నేను పంపడం మానేశాను. వాడు గేటు పట్టుకుని ఏడ్చాడు. నాలుగు రోజులు చూసి నీలమ్మే మా ఇంటికి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, వీధి దాటడానికే ఆయాసపడింది.

"పోరన్ని ఎందుకు తోలుతలేవు బిడ్డా? నేనేమన్న అన్ననా?"

"నీ మీద ఏం లేదవ్వా. గా కూలర్ నీళ్లంటే భయం. నువ్వు గూడ బందు చెయ్యి."

ఆమె చెంగుతో మొహం తుడుచుకుంది. "వాడు పెట్టిండు గద. బందు జేస్తే మొఖం మాడ్చుకుంటడు. బోరు పాయింటు తప్పు చూపించినవ్ అన్నందుకు వాళ్ల నాయినతోని ఏడాది మాట్లాడలే వాడు."

కొడుకు ముఖం మాడకుండా ఉండటానికి ఆమె ఆ గాలిలోనే పడుకుంది.

మే నెలలో ఆమెకు జ్వరం వచ్చింది. వడదెబ్బ అన్నారు. కూలర్ వేగం పెంచారు. తర్వాత దగ్గు, విరేచనాలు. ఒక పొద్దున కోడలు సునందను పట్టుకుని, చనిపోయిన తన అత్త అనుకుని మాట్లాడిందట. అప్పుడు కారెక్కించి ఎల్బీనగర్ వైపు పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. రెండు ఊపిరితిత్తుల్లోనూ నిమ్ము ఉందని చెప్పి, ఆక్సిజన్ పెట్టి, ఇంజక్షన్లు మొదలుపెట్టారు. మూడు రోజులైనా జ్వరం దిగలేదు, ఆక్సిజన్ ఇంకా పెంచారు.

సునంద బట్టల కోసం ఇంటికి వచ్చినప్పుడు నేను వెళ్లాను. ఆమె కళ్లు వాచి ఉన్నాయి.

"డాక్టరమ్మ ఏమంటున్నది వదినా?"

"మందు పట్టుకుంటలేదంటున్నది. ఇంట్ల పావురాలున్నయా, ఏసీ ఉన్నదా, కూలరుంటే అండ్ల ఏం నీళ్లు పోస్తరు అని అడిగింది."

"ఏం చెప్పిన్రు?"

సునంద చీర మడత పెడుతూ తల ఎత్తలేదు. "మీ అన్న బోరు నీళ్లే అన్నడు. నేను చూపించిన పాయింటే డాక్టర్, కొబ్బరి నీళ్ల లెక్కుంటయి అన్నడు."

ఆ డాక్టర్ సరైన ప్రశ్నే అడిగింది. అట్లాంటి నీళ్లలో పెరిగే ఒక బ్యాక్టీరియా ఉంది, నిమ్ముకు మామూలుగా ఇచ్చే ఇంజక్షన్లలో చాలావాటికి అది లొంగదు. దానికి పనిచేసే మందులు వేరు. మూత్రం పరీక్షతో తెలుసుకోవచ్చు, కానీ అనుమానం వస్తేనే ఆ పరీక్ష చేయిస్తారు. అనుమానం రావడానికి ఒక్క నిజం చాలు. ఆ ఒక్కటి రత్నాకర్ నోట్లో ఇరుక్కుపోయింది.

"నువ్వు చెప్పు వదినా. అవ్వ పానం పోతది."

"ఆయన ముందట నేనెట్ల చెప్త చెల్లె? ఆయన బోరు నీళ్లన్నంక నేను కాదంటే ఏముంటది?"

ఆ ఇంట్లో నిజానిది ఎప్పుడూ రత్నాకర్ తర్వాతి వరస. దీక్షిత్‌ను మహేశ్వర్‌కు అప్పజెప్పి నేను ఆమెతో కారెక్కాను.

ఐసీయూ బయట రత్నాకర్ పరామర్శకు వచ్చిన నలుగురి మధ్య కూర్చుని, ఈ దవాఖానలో తనకు ఎవరెవరు తెలుసో చెబుతున్నాడు. నేను పక్కకు పిలిచాను.

"అన్నా, కూలర్ల ఫ్యాక్టరీ నీళ్లని డాక్టర్‌కు చెప్పు. మందు మారుస్తరు."

"నెమ్మదిగ మాట్లాడు." వెనక్కి తిరిగి చూశాడు. "గా నీళ్లతోనే వచ్చిందని నీకెట్ల ఎరుక?"

"నాకు ఎరుక లేదు. డాక్టర్‌కు ఎరుకైతది, నువ్వు చెప్తే."

"చెప్తే ఏమైతదో తెలుసా? రేపు కాలనీల ప్రతోడు నా గల్లా పట్టుకుంటడు. వీధంత పోసిన్రు గద కూలర్లల్ల. వార్డుకు నిలబడదామనుకుంటున్న మనిషిని. మా అమ్మకు నేనే విషం పెట్టిన్నంటరు."

"అన్నా, లోపల ఉన్నది మీ అమ్మ."

"నాకెరుక లేదా?" గొంతు ఒక్కసారి చీలింది. ఆ క్షణంలో ఆయన మీద జాలి కలగబోయింది. అంతలోనే చొక్కా సర్దుకుని, కాలర్ సరిచేసుకుని, జుట్టు దువ్వుకున్నాడు. జాలి ఆగిపోయింది.

అప్పుడే డాక్టర్ బయటికి వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, కళ్లలో నిద్రలేమి. ఊపిరి యంత్రం పెట్టాల్సి రావచ్చని, ఒకసారి ఆలోచించుకోమని చెప్పింది. రత్నాకర్ నన్ను చూశాడు, తల్లి పడుకున్న గది తలుపును చూశాడు, మళ్లీ నన్ను చూశాడు.

"డాక్టర్, ఒక మాట యాదికొచ్చింది," అన్నాడు. "మా ఎదురింట్ల ఈ చెల్లె వాళ్లుంటరు. వీళ్లు కూలర్ల గా ఫ్యాక్టరీ నీళ్లు పోస్తరు, కూలింగ్ టవర్ నీళ్లు. మా అమ్మ రోజు పోయి వీళ్లింట్లనే పండుకుంటది, పోరనికి కథలు చెప్పుకుంట. నేను వద్దన్న. ఇనరు."

ఒక మనిషి నిజాన్ని ఒప్పుకోవాల్సి వచ్చినప్పుడు కూడా దాన్ని ఎదురింటి గోడ అవతల పెట్టి చూపించగలడని నాకు అప్పుడే తెలిసింది. సునంద బట్టల సంచి ముడి సర్దుకుంది. డాక్టర్ నా వైపు తిరిగింది.

"నిజమేనా?"

మా ఇంట్లో కూలరే లేదు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. అది బయటికి వస్తే వాదన మొదలవుతుంది, రత్నాకర్ ఇంకో కథ అల్లుతాడు, లోపల నీలమ్మకు అంత తీరిక లేదు.

"అవ్ డాక్టర్," అన్నాను. "మా కూలర్‌లనే. మందుల ఫ్యాక్టరీ కూలింగ్ టవర్ల తిప్పిన నీళ్లు. మురుగు నీళ్లను శుద్ధి చేసి పోస్తరు. తుంపర్లు బాగ కొడ్తయి. అవ్వ తల దగ్గరనే కూలర్."

"ఏం చదువుకున్నారు మీరు?"

"మైక్రోబయాలజీ."

ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "మైక్రోబయాలజీ చదివి ముసలామెకు ఆ గాలి పట్టించారా? ఇంట్లో చిన్న పిల్లాడు కూడా ఉన్నాడంటున్నారు," అంది. ఇంకేమీ అనకుండా లోపలికి నడుస్తూనే నర్సుకు మూత్రం పరీక్ష చెప్పింది, ఫలితం కోసం ఆగకుండా మందు మార్చమంది. నా వెనక రత్నాకర్ తన నలుగురితో అంటున్నాడు. "సదువుకున్నోళ్లే గిట్ల చేస్తే ఇంక మామూలోళ్ల సంగతేంది."

పరీక్షలో అదే బ్యాక్టీరియా అని తేలింది. మందు మారిన రెండో రోజుకు జ్వరం దిగింది. ఊపిరి యంత్రం అవసరం రాలేదు.

రత్నాకర్ దవాఖాన నుంచే ఫోన్ చేసి ట్యాంకర్ ఆపించాడు. నల్ల ట్యాంకు రాత్రికి రాత్రి మేడ దిగింది. కమాను మీద కొత్త ఫ్లెక్సీ వచ్చింది. కాలనీ ఆరోగ్యం కోసం ఫ్యాక్టరీ నీళ్లను అడ్డుకున్న నాయకుడట. చొక్కా ఈసారి తెల్లది. వీధిలో వాళ్లు కూలర్లు కడుక్కున్నారు. కొందరు నన్ను చూసి పిల్లలను దగ్గరికి లాక్కున్నారు, మా ఇంటి నీళ్లతోనే ముసలామె మంచం పట్టిందని వినికిడి. వాళ్ల కూలర్లలో అవే నీళ్లు నెల పాటు తిరిగిన సంగతి అప్పటికే మరిచిపోయారు. ట్యాంకర్ ఇప్పుడు అబ్దుల్లాపూర్‌మెట్ వైపు ఏదో వెంచర్‌కు పోతోందని విన్నాను. అక్కడా ఒక షామియానా, రెండు సీసాలు ఉండే ఉంటాయి. నేను ఆ వెంచర్ పేరు కనుక్కుని ఫోన్ చేశాను. ఎత్తినాయన అంతా విని, మీరు ఏ ఫ్యాక్టరీ తరఫున మాట్లాడుతున్నారని అడిగాడు.

జూన్‌లో నీలమ్మ ఇంటికి వచ్చింది. మనిషి సగమైంది. కుర్చీ వరండాలో వేయించుకుంది, గదిలోకి పోనంది. దీక్షిత్ నా చేయి విడిపించుకుని పరుగెత్తి ఆమె మోకాళ్ల మీద తల పెట్టాడు. ఆమె గొంతు ఇంకా గరగరమంటోంది.

"మీ కూలర్ నీళ్లతోని నాకు నిమ్మొచ్చిందట గద బిడ్డా."

నేను దీక్షిత్ బరువు ఆమె మోకాళ్ల మీద పడకుండా వాడిని కాస్త జరిపాను.

"మీ ఇంట్ల కూలరే లేదు గద." నవ్వబోతే దగ్గు వచ్చింది. సునంద నీళ్లు ఇచ్చింది. "తెలివి ఉన్నదో లేదో గని, గా దవాఖానల వాడు మాట్లాడింది నాకు తలుపు సందుల కెల్లి ఇనబడ్డది. నువ్వు అవ్ అన్నది గూడ ఇనబడ్డది."

వీధి చివర ఖాళీ ప్లాటులో జనం మూగి ఉన్నారు. కాలనీకి కొత్త బోరు వేయాలి. రత్నాకర్ అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని, కళ్లు సగం మూసి నడుస్తున్నాడు. వెనక బోరుబండి వాడు బీడీ తాగుతూ నిలబడ్డాడు, ఈసారి తప్పు ఎవరి మీద పడుతుందో అతనికి ఇంకా తెలియదు. గుట్ట అవతల టవర్ల మీద ఆవిరి ఎప్పటిలాగే లేస్తోంది. ఉన్నట్టుండి చప్పట్లు వినబడ్డాయి.

"కాయ లేసింది అవ్వా," అన్నాడు దీక్షిత్.

"లేస్తది," అంది నీలమ్మ. "కింద నీళ్లున్నయో లేవో దానికేం ఎరుక." తర్వాత గది తలుపు వైపు చేయి చూపించి సునందతో అంది. "గా కూలర్‌ను పాత ఇనుము కొనేటోనికి ఇచ్చెయ్యి. వాడొచ్చి అడిగితే, మా అత్త అమ్మేసిందని చెప్పు. నా పేరే చెప్పు, ఎదురింటోళ్ల పేరు చెప్పకు."